విహంగ చిత్రాల్లో మేతబీళ్లు

(గ్రాంట్ రోడ్, కామాటిపుర ప్రాంత తెలుగు శ్రోతల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)



గ్రాంట్ రోడ్ స్టేషనుకు తూర్పున ఉన్న కామాటిపురను ఆకాశం నుంచి తీసిన చిత్రంలో చూస్తే ఒకదాని పక్కన ఒకటిగా సాగే గల్లీలు, తుప్పు రంగు రేకులు, వానాకాలమైతే వాటి మీద కప్పిన నీలి ప్లాస్టిక్ పట్టాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏ చాలు పొడవెంత, ఏ కప్పు కూలింది, ఏ సందులో చెట్టు మిగిలింది అన్నది కొలబద్ద పెట్టి చెప్పవచ్చు. ఆ కప్పు కింద ఒక గదిలో ఎందరు పడుకుంటారు, నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, ఏ ఇంటివారు పండుగకు పాలమూరు వెళ్లి ఇంకా తిరిగి రాలేదు అన్నవి ఆ చిత్రంలో ఉండవు. చిత్రం అబద్ధం చెప్పదు. తనకు కనిపించినంతే చెబుతుంది. ఈ తేడాను చాలులో బతికేవారికి ప్రత్యేకంగా వివరించనక్కర లేదు.

ఈ ప్రసంగం కామాటిపుర గురించి కాదు. పద్దెనిమిదో శతాబ్ది చివరి నుంచి ఈ నగరానికి వచ్చి, రాళ్లు మోసి, గోడలు కట్టి, ఈ పేటకు తమ పేరునే ఇచ్చిన కామాటీలు వెనక వదిలివచ్చిన నేల గురించి. పాలమూరు, నల్లగొండ, అనంతపురం ప్రాంతాల్లో ఊరి చివర పంటలేని నేల ఉంటుంది. గొర్రెలు, మేకలు, పశువులు మేసే ఆ నేలను యాభై ఏళ్లుగా విమానాలు, ఉపగ్రహాలు, ఇటీవల డ్రోన్లు చిత్రిస్తూ వచ్చాయి. ఆ చిత్రాలను ఆధారం చేసుకుని ఏది అడవి, ఏది బంజరు, ఎక్కడ మొక్కలు నాటాలి, ఎక్కడ సౌర ఫలకాలు పరచవచ్చు అన్న నిర్ణయాలు జరుగుతున్నాయి. ఊరికి దూరంగా ఉన్నవారికి ఆ నిర్ణయాలు చివర తెలుస్తాయి. కాబట్టి అటువంటి చిత్రాన్ని ఎలా చదవాలో, దానిని ఎంతవరకు నమ్మాలో తెలిసి ఉండడం అవసరం.

ముందుగా ఆ నేలకున్న పేర్లు చూడవచ్చు. తెలంగాణలో బంచరాయి, కంచ, ఆంధ్ర ప్రాంతంలో మేత పోరంబోకు, అంతటా బీడు. మరాఠీలో గైరాన్ అంటారని ఇక్కడివారికి తెలుసు. హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్ల పేర్ల ముందు ‘కంచ’ అని కనిపించేది ఈ మాటే. 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం వార్తల్లో చదివినవారిలో ఆ పేరుకు మేతభూమి అనే అర్థం ఉందని గమనించినవారు తక్కువే. ఇన్ని పేర్లున్న నేలను రెవిన్యూ లెక్క ఒకే మాటలో ‘బంజరు’ అన్నది. శిస్తు రాని నేల అని ఆ మాటకు అసలు అర్థం. కాలక్రమంలో అది పనికిరాని నేల అనే అర్థంలోకి జారింది. ఈ జారుడు వల్ల జరిగిన నష్టం కొంచెం కాదు.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలున్నాయి. దేశంలో ఉన్న గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే. తెలంగాణలో అంతకుముందరి గణన కంటే దాదాపు 48 శాతం పెరుగుదల నమోదయింది. 2017 జూన్‌లో మొదలైన, ఇరవై గొర్రెలు ఒక పొట్టేలు చొప్పున ఇచ్చిన సబ్సిడీ పథకం ఆ పెరుగుదలలో భాగం. గొర్రెను పంచవచ్చు, దాని వెంట మేతబీడును పంచడం సాధ్యం కాదు. గొర్రె ఏం తింటున్నది, ఆ తినేది పెరుగుతున్నదా తరుగుతున్నదా అన్న ప్రశ్నకు అందుకే ఇంత బరువు.

ఆకాశం నుంచి ఫొటో తీయడం పాత విద్యే. 1858లో నాదార్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరు బెలూనెక్కి పారిస్ పరిసరాలను చిత్రించాడు. మొక్కల పటం కోసం విమానాన్ని వాడిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి 1924లో బర్మాలోని ఐరావతి డెల్టా అడవుల మీద జరిగింది. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. రంగూను రేవులో తెలుగు కూలీలు వేల సంఖ్యలో పనిచేస్తున్న కాలమది. స్వతంత్ర భారతంలో ఈ విద్యకు నాంది 1970 ప్రాంతంలో కేరళ కొబ్బరితోటల మీద పడింది. పి.ఆర్. పిషారటీ నాయకత్వంలో శాస్త్రజ్ఞులు హెలికాప్టరులో వెళ్లి, పరారుణ కాంతిని పట్టే ప్రత్యేక ఫిల్ముతో, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తించారు.

తెలుగువారికి సంబంధించిన ఘట్టం ఆ వెంటనే వస్తుంది. 1974–75లో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి ‘అరైజ్’ అనే పేరుతో ఒక ప్రయోగం చేశాయి. విమానం నుంచి పరారుణ రంగు ఫొటోలు తీసి వ్యవసాయ వనరులను లెక్కించడం దాని లక్ష్యం. అందుకు ఎంచుకున్న జిల్లాలు రెండే: పంజాబులో పటియాలా, ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం. ఒకటి కాలువనీటి గోధుమ నేల. మరొకటి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఎర్రనేల. ఆ 1974లోనే హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 2008 నుంచి అది ఇస్రోలో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంగా పనిచేస్తోంది. ఉపగ్రహాలు పంపే సంకేతాలను అందుకునే దాని కేంద్రం షాద్‌నగర్ దగ్గర ఉంది. అది పాత మహబూబ్‌నగర్ జిల్లా. కామాటిపురకు మనుషులను పంపిన నేలమీదికే అంతరిక్షం నుంచి దేశపు చిత్రాలు దిగుతున్నాయన్నమాట.

విమాన ఫొటో పనిచేసే తీరు కష్టమైనది కాదు. సర్వే కెమెరా కటకపు నాభ్యంతరం సాధారణంగా 152 మిల్లీమీటర్లు. నేలకు 1,520 మీటర్ల ఎత్తున విమానం ఎగిరితే ఫొటో స్కేలు పదివేలకు ఒకటి అవుతుంది. అంటే ఫొటో మీద ఒక మిల్లీమీటరు నేల మీద పది మీటర్లు. 23 సెంటీమీటర్ల చదరపు ఫొటోలో 2.3 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల నేల పడుతుంది. విమానం ఒక వరుసలో వెళ్తూ తీసే ఫొటోల్లో ప్రతి దానికీ దాని తర్వాతి దానికీ 60 శాతం నేల ఉమ్మడిగా ఉండేట్టు చూస్తారు. వరుసకూ వరుసకూ మధ్య 30 శాతం దాకా ఉమ్మడి ఉంచుతారు. పది కిలోమీటర్ల చదరపు ప్రాంతానికి ఈ లెక్కన తొంభై దాకా ఫొటోలు కావాలి.

ఇంత ఉమ్మడి ఎందుకంటే, మనిషికి రెండు కళ్లెందుకో అందుకే. ఒకే గుట్టను రెండు చోట్ల నుంచి తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి స్టీరియోస్కోపు అనే కళ్లద్దం గుండా చూస్తే గుట్ట గుట్టలా లేచి నిలబడుతుంది. చెట్టు పొదకంటే ఎత్తుగా, పొద గడ్డికంటే ఎత్తుగా కనిపిస్తుంది. ఐదు మీటర్ల కొమ్మల వెడల్పున్న తుమ్మచెట్టు ఆ ఫొటోలో అర మిల్లీమీటరు చుక్క. గొర్రె అయితే మిల్లీమీటరులో పదో వంతు, అంటే దుమ్ము రేణువు. కాబట్టి గొర్రెలను లెక్కించడానికి ఆ ఫొటో పనికిరాదు. అవి నడిచిన బాటలను మాత్రం చూపుతుంది. నీటిగుంట నుంచి, మంద దొడ్డి నుంచి సన్నని తెల్లగీతలు సాలీడు కాళ్లలా నలువైపులా విచ్చుకుంటాయి. గీతలు చిక్కగా కలిసేచోట నేల వట్టిపోయి ఉంటుంది.

చెట్లు ఎంత నేలను ఆక్రమించాయో లెక్కించడానికి పాత పద్ధతి ఒకటుంది. సమాన దూరాల్లో వంద చుక్కలు పెట్టిన పారదర్శక పట్టాను ఫొటో మీద పరుస్తారు. పద్నాలుగు చుక్కలు చెట్ల మీద పడితే పద్నాలుగు శాతం చెట్టు. అరవై చుక్కలు వట్టినేల మీద పడితే అరవై శాతం వట్టినేల. ఇరవై ఏళ్ల తర్వాత అదే స్థలంలో తీసిన ఫొటో మీద అదే పట్టా పరిచి మళ్లీ లెక్కిస్తారు. ఇప్పుడు ఆ పనిని కంప్యూటరు లక్షల చుక్కలతో చేస్తుంది. లెక్కలోని తర్కం మారలేదు.

పరారుణ కాంతి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పచ్చని ఆకు తన మీద పడిన ఎర్రకాంతిని ఆహారం తయారీకి మింగేస్తుంది; కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం బాగా వెనక్కి కొడుతుంది. ఒక ఆరోగ్యమైన ఆకు ఎర్రకాంతిలో 5 శాతం, పరారుణ కాంతిలో 50 శాతం తిప్పికొట్టిందనుకుందాం. రెండింటి తేడా 45, మొత్తం 55, భాగిస్తే 0.82 వస్తుంది. వట్టినేల ఎర్రకాంతిలో 25, పరారుణంలో 30 తిప్పికొడితే తేడా 5, మొత్తం 55, భాగఫలం 0.09. ఈ సంఖ్యను ఎన్‌డీవీఐ అంటారు. సున్నాకు దగ్గరైతే వట్టినేల, ఒకటికి దగ్గరైతే దట్టమైన పచ్చదనం. వార్తల్లో, ప్రభుత్వ నివేదికల్లో వచ్చే ‘పచ్చదనం పెరిగింది’ అన్న మాటల్లో చాలావాటి వెనక ఉండేది ఈ ఒక్క భాగహారమే.

1972 జూలైలో అమెరికా పంపిన మొదటి ల్యాండ్‌శాట్‌తో ఈ పని విమానం నుంచి ఉపగ్రహానికి మారడం మొదలైంది. దాని చిత్రంలో ఒక గడి సుమారు 80 మీటర్ల చదరం, అంటే ఎకరంన్నరకు పైగా. ఆ ఎకరంన్నరలో చెట్టు, గడ్డి, రాయి, పాత చెలక అన్నీ కలిసి ఒకే రంగుగా మారిపోతాయి. 1988 మార్చిలో భారత్ తన సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎను పంపింది. ఆ తరువాతి తరం భారతీయ కెమెరాల్లో గడి 23.5 మీటర్లకు, అంటే సుమారు ఐదున్నర గుంటలకు తగ్గింది. 2015 నుంచి ఐరోపా సంస్థ పంపిన సెంటినెల్-2 ఉపగ్రహాల గడి పది మీటర్లు. అది దాదాపు ఒక గుంట. పొలాన్ని గుంటల్లో లెక్కపెట్టే రైతు భాషకు ఉపగ్రహం ఇప్పటికి వచ్చి చేరింది. ల్యాండ్‌శాట్ చిత్రాల భాండారం 2008 నుంచి, సెంటినెల్ చిత్రాలు మొదటి నుంచి ఎవరికైనా ఉచితం.

ఇంతవరకు సాధనం గొప్పది. చిక్కులు దాన్ని చదవడంలో ఉన్నాయి.

మొదటి చిక్కు ఏ ఏడాదిని మొదలుగా తీసుకోవాలన్నది. ల్యాండ్‌శాట్ కళ్లు తెరిచిన 1972 ఎటువంటి ఏడాదో ఈ నగరంలోని వృద్ధులకు గుర్తుంటుంది. మహారాష్ట్రనూ దక్కను పీఠభూమిలో అధిక భాగాన్నీ కరువు పీల్చివేసిన కాలమది. ఊళ్లు విడిచి బొంబాయి చేరినవారు ఎందరో. అంటే దక్కను మేతబీళ్లకు ఉపగ్రహం తీసిన తొలి చిత్రాలే కరువు చిత్రాలు. వాటి పక్కన తర్వాతి ఏ మామూలు ఏడాది చిత్రం పెట్టినా నేల పచ్చబడినట్టే కనిపిస్తుంది. అలాగే మంచి వాన పడిన ఏడాదిని మొదలుగా పెట్టి, అనావృష్టి ఏడాదితో ముగిస్తే, బీడు ఎడారి అయిందని నిరూపించవచ్చు. గడ్డినేల వానను బట్టి ఏటేటా ఊపిరి పీల్చి వదులుతుంది. రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి ‘అప్పుడు–ఇప్పుడు’ అని చూపేవారిని ఆ రెండేళ్ల వాన ఎంత అని అడగడం కనీస ధర్మం. పది, పదిహేనేళ్ల చిత్రాలను వాన లెక్కతో కలిపి చూసినప్పుడే, వానకు సంబంధం లేకుండా జరుగుతున్న మార్పు బయటపడుతుంది.

రెండో చిక్కు నెల. అక్టోబరులో తీసిన చిత్రంలో ఎర్రనేల బీడు పచ్చగా ఉంటుంది. ఏప్రిల్‌లో అదే బీడు ఇటుకరంగు. ఇది తెలియనివారు ఉండరు. అయినా వేర్వేరు నెలల చిత్రాలను పోల్చి తీర్పులు చెప్పడం ఆగలేదు.

మూడో చిక్కు అన్నిటికంటే పెద్దది. పచ్చగా ఉన్నదంతా మేత కాదు.

సర్కారు తుమ్మ గురించి వినని తెలంగాణ పల్లె లేదు. రాయలసీమలో కంపచెట్టు అంటారు. అమెరికా ఖండపు ఈ మొక్కను మన దేశంలో మొదట నాటింది తెలుగు నేల మీదనే, 1877లో కడప ప్రాంతంలో. వంటచెరకు కోసం, ఎండిన నేలను కప్పడం కోసం అటవీశాఖ తెచ్చింది. తొమ్మిది నెలలు వాన లేకున్నా అది పచ్చగా ఉంటుంది, ఎందుకంటే దాని వేర్లు చాలా లోతు నుంచి నీటిని తోడుకుంటాయి. దాని ఆకును గొర్రె ముట్టదు. తియ్యని కాయను మాత్రం ఇష్టంగా తింటుంది. కాయలోని గట్టి గింజ అరగక, పెంటికలతో పాటు కొత్త చోట పడి, ఎరువుతో సహా మొలుస్తుంది. గొర్రె తన మేతను చంపే చెట్టును తానే విత్తుతూ పోతుంది. పొద దట్టమైన చోట కింద గడ్డి మొలవదు. ముళ్ల వల్ల మంద లోపలికి వెళ్లదు.

ఇప్పుడు ఎన్‌డీవీఐ లెక్కను గుర్తు తెచ్చుకోవాలి. ఇరవై ఏళ్ల కింద గరిక, రేగుపొదలు, అక్కడక్కడ నల్లతుమ్మ ఉన్న బంచరాయి ఇప్పుడు సర్కారు తుమ్మతో నిండిపోయిందనుకుంటే, ఉపగ్రహం దృష్టిలో ఆ నేల బాగుపడింది. సూచిక పెరిగింది, పటంలో రంగు ముదిరింది. కురుమలు, గొల్లల దృష్టిలో ఆ నేల పోయింది. రెండు మాటలూ నిజమే. నివేదికలోకి ఎక్కేది మాత్రం మొదటి మాట. తంగేడు కూడా ఇటువంటిదే. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు అందం. గొర్రెలు, మేకలు దాన్ని పెద్దగా ముట్టవు. మేసే మొక్కలన్నీ అరిగిపోయి తంగేడు మాత్రం మిగిలిన గుట్టను చూసి దాని మీద మేత ఒత్తిడి ఎంతో చెప్పవచ్చు. పటం మాత్రం దాన్ని మంచి పొదగా లెక్కిస్తుంది.

ఇది తెలుగు నేలకు మాత్రమే వచ్చిన కష్టం కాదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో 1912 నుంచి నడుస్తున్న హొర్నాడా అనే పరిశోధన మేతభూమి ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు ఒక ముక్క నేలను 1937 నుంచి తీసిన విమాన ఫొటోలతో, 2003 నాటి ఉపగ్రహ చిత్రంతో పోల్చారు. పొదల వాటా 0.9 శాతం నుంచి 13.1 శాతానికి పెరిగింది; గడ్డి వాటా 18.5 శాతం నుంచి 1.9 శాతానికి పడిపోయింది. ఆ పొద మెస్కీట్. సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. వారి పనిలో గమనించవలసినది గడ్డినీ పొదనూ వేరుగా లెక్కించడం. రెండూ కలిపి ‘పచ్చదనం’ అని ఒకే పద్దు రాసి ఉంటే అరవై ఆరేళ్ల నష్టం సగానికి సగం కనిపించకుండా పోయేది.

తెలుగు బీళ్లలో ఈ రెండింటినీ వేరు చేయడానికి తేలికైన ఉపాయం ఒకటుంది. సర్కారు తుమ్మ ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుంది, గడ్డి ఉండదు. ఒకే ఏడాదిలో అక్టోబరు చిత్రం, ఏప్రిల్ చిత్రం రెండూ తీసుకుని, రెండింటిలోనూ పచ్చగా ఉన్న గడులను ఒక రంగుతో, అక్టోబరులో మాత్రమే పచ్చగా ఉన్నవాటిని మరో రంగుతో వేస్తే పొదకూ గడ్డికీ మధ్య గీత చాలావరకు పడుతుంది. బోరు కింది వరిమళ్లు, మామిడితోటలు కూడా ఎండాకాలంలో పచ్చగా ఉంటాయి కనుక వాటిని సర్వే నంబర్ల పటం చూసి తీసివేయాలి. తర్వాత కాలినడకన వెళ్లి సరిచూడాలి.

ఆ కాలినడక లేకుండా ఏ పటమూ పూర్తి కాదు. మీటరు చదరపు చట్రాన్ని నేల మీద పెట్టి, అందులోని గడ్డిని కోసి, ఎండబెట్టి, తూచే పని ఇప్పటికీ చేతితోనే జరగాలి. ఏ గడ్డి తొలకరికి ముందు లేస్తుంది, ఏది పూత దశలో గొర్రెలకు పనికివస్తుంది, ఏ గింజ ఉన్నిలో గుచ్చుకుని చర్మాన్ని పుండు చేస్తుంది అన్నది మంద కాసేవారికి తెలిసినంత మరెవరికీ తెలియదు. ఆకాశం నుంచి చూస్తే గడ్డి అంతా ఒకటే రంగు. గొర్రెలకాపరిని వెంటబెట్టుకుని వెళ్లిన సర్వే బృందం ఒక రోజులో సరిచేసుకునే తప్పును, కార్యాలయంలో కూర్చున్న బృందం ఏళ్ల తరబడి అచ్చు వేస్తూ ఉండవచ్చు.

నాలుగో చిక్కు కారణం. చిత్రం మార్పును చూపుతుంది. ఆ మార్పు ఎందుకు వచ్చిందో చెప్పదు. వట్టినేల పెరిగితే నింద వెంటనే గొర్రె మీద పడుతుంది. గొర్రెల సంఖ్య పెరగకున్నా, బీడులో సగం రాతిగని కిందికో ప్లాట్ల కిందికో వెళ్తే మిగిలిన సగం మీద మంద రెట్టింపు అవుతుంది. మనుషులు వలస పోయి దున్నకుండా వదిలేసిన చెలకల్లోకి సర్కారు తుమ్మ మొదట ప్రవేశిస్తుంది. అంటే ఈ నగరానికి వచ్చిన ప్రతి కుటుంబం వెనక కొన్ని గుంటల రంగు పటంలో మారి ఉండవచ్చు. పంట కోసిన చేలలో రాత్రిపూట మంద కట్టి ఎరువు ఇచ్చే ఆచారం ఉన్నచోట మేత భారం బీడు మీద కొన్ని నెలలు తగ్గుతుంది. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు వైపు వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు కడుతోంది. దానికీ గొర్రెకూ సంబంధం లేదు.

అహ్మదాబాదులోని ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం ప్రకటించిన పటాల ప్రకారం దేశంలో క్షీణించిన నేల 2011–13లో 9 కోట్ల 64 లక్షల హెక్టార్లు. 2018–19 నాటికి 9 కోట్ల 78 లక్షలు. దేశ విస్తీర్ణంలో దాదాపు 30 శాతం. ఈ పటాలు శ్రద్ధగా చేసినవి, గాలి, నీరు, ఉప్పు, మొక్కల నష్టం అంటూ కారణాలను విడదీసినవి. వాటికి సమాంతరంగా హైదరాబాదు కేంద్రం, కేంద్ర భూవనరుల శాఖ కలిసి ‘బంజరు భూముల అట్లాసు’ ప్రకటిస్తున్నాయి. 2019 ప్రతిలో 5 కోట్ల 57 లక్షల హెక్టార్లు బంజరుగా లెక్కతేలింది. పొదలున్న నేల కూడా ఇందులో బంజరే. ఇక్కడే శాస్త్రానికి రెవిన్యూ మాట అంటుకుంది. 2022లో ఎం.డి. మధుసూదన్, అబి తమీమ్ వనక్ అనే ఇద్దరు పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతోనే మరో పటం చేశారు. గడ్డిమైదానాలు, పొదనేలలు, రాతి బయళ్లు పాడైన అడవులు కావనీ, సహజంగానే అలా ఉండే నేలలనీ, అవి దేశంలో దాదాపు పదో వంతు ఉన్నాయనీ అందులో చూపారు. సాధనం ఒకటే, అడిగిన ప్రశ్న వేరు కావడంతో జవాబు వేరుగా వచ్చింది.

మాట ఒక్కటే నేలను ఎలా పోగొడుతుందో పాత అనంతపురం జిల్లాలోని కల్పవల్లి చూపింది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, చుట్టుపక్కల గ్రామస్థులు 1990ల ఆరంభం నుంచి బోడిగుట్టలను నిప్పు నుంచి కాపాడి, వేల ఎకరాల్లో గడ్డినీ చెట్లనీ తిరిగి రప్పించారు. ఊళ్ల మందలకు అక్కడ మేత దొరికింది. రికార్డులో మాత్రం అది బంజరుగానే ఉండిపోయింది. 2010 తర్వాత అక్కడికి గాలిమరలు వచ్చాయి. మరల కోసం గుట్టల నడుమ వేసిన రోడ్లు ఏ ఉపగ్రహ చిత్రంలోనైనా తెల్లని గాట్లుగా కనిపిస్తాయి. కాలుష్యం లేని విద్యుత్తు కావలసిందే. అయితే ఇరవై ఏళ్ల పచ్చదనాన్ని చూపే చిత్రాలు ఉన్నా, నిర్ణయంలో రికార్డులోని ఒక మాట నెగ్గింది.

అటువంటి సమయంలో ఊరివారి చేతిలో ఏముంటుంది? కొన్ని ఉన్నాయి. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు వేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో మేత హక్కునూ సంచార పశుపాలకుల కాలానుగుణ ప్రవేశాన్నీ సముదాయపు హక్కులుగా పేర్కొంది. వీటిని వాడుకోవాలంటే ఫలానా సర్వే నంబరులో ఫలానా ఏడాది మేత ఉండేదని చూపగలగాలి. ఒకప్పుడు విమాన ఫొటోలు రహస్యపత్రాల్లా ఉండేవి. వాటిని సామాన్యుడు చూడడం దుస్సాధ్యం. 2021 ఫిబ్రవరిలో కేంద్రం భూపట సమాచార నిబంధనలను సడలించింది. అదే ఏడాది ఆగస్టులో డ్రోన్ల నిబంధనలు మారాయి. ఇస్రో 2009లో తెరిచిన ‘భువన్’ వేదికలో ఎవరైనా తమ ఊరిని చూడవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలను వెనక్కి జరుపుతూ చూసే వీలుంది. ఆంధ్రప్రదేశ్ వారికి ‘మీభూమి’లో అడంగలు, గ్రామపటం దొరుకుతాయి, తెలంగాణ వారు ‘భూభారతి’లో సర్వే నంబరు వివరాలు చూసుకోవచ్చు.

కామాటిపురలో ఉంటున్న వ్యక్తికి ఇందులో తక్షణ అవసరం ఒకటుంది. 2020 ఏప్రిల్‌లో మొదలైన కేంద్ర ‘స్వామిత్వ’ పథకం డ్రోన్లతో గ్రామకంఠంలోని ఇళ్ల స్థలాలను పటం చేస్తోంది. మేతభూమి దాని పరిధిలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వే పొలాలను కూడా డ్రోన్లతో కొలిచింది. ఈ రెండింటినీ కలిపేసుకుని అయోమయ పడుతున్నవారు ఉన్నారు. కొలత జరిగే రోజున హద్దు చూపడానికి మనిషి లేని ఇంటివారు, తర్వాత పటం నకలు తెప్పించుకుని ఇంటి హద్దుతో పాటు ఊరి బంచరాయి హద్దునూ చూడడం మంచిది. సొంత చెలక హద్దు ఒక అడుగు జరిగితే అన్నదమ్ములు గుర్తిస్తారు. బంచరాయి హద్దు పది ఎకరాలు జరిగినా అడిగేవారు లేకపోవచ్చు.

ఊరి నుంచి ఎవరైనా ఒక పటం తెచ్చి, బీడు బాగుపడిందనో పాడయిందనో చెబితే అడగవలసిన ప్రశ్నలు పెద్దవి కావు. చిత్రం ఏ తేదీది? ఆ ఏడాది వాన ఎంత? గడి ఎన్ని గుంటలది? గడ్డినీ పొదనూ వేరుగా లెక్కించారా? నేల మీద ఎన్ని చోట్ల నడిచి సరిచూశారు, ఆ నడకలో మంద కాసేవారు ఎవరైనా ఉన్నారా? జవాబులు నోటిమాటగా రాకుంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ముంబై నుంచే పంపవచ్చు. సర్వే నంబరు, మండలం, కావలసిన ఏళ్లు స్పష్టంగా రాయాలి. అక్టోబరు చిత్రం ఒకటి, ఏప్రిల్ చిత్రం ఒకటి, రెండూ ఒకే ఏడాదివి కోరాలి.